ఆదివారం పొద్దుటాట

మద్రాసు శివారు అంబత్తూరు పారిశ్రామికవాడలో ఒక కంపెనీకి పద్నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను. అందులో పని చేసింది మహా అయితే నాలుగేళ్ళుంటుంది. మిగతా పదేళ్ళూ రైల్లో నిలబడ్డాను.

ఇల్లు చింతాద్రిపేట. పొద్దున్నే కూవం ఏటి వాసనను తోడు తీసుకుని సెంట్రల్ దాకా నడిచి, అక్కడ లోకల్ ఎక్కేవాణ్ణి. దాన్ని రైలు అనడం మర్యాద కొద్దీ అనడమే. నిజానికి అది మనుషుల్ని నిలువునా పేర్చిన ఇనప బీరువా. వెళ్ళేటప్పుడు నా రెండు కాళ్ళ మీదే నిలబడేవాణ్ణి. సాయంత్రం వచ్చేటప్పుడు మాత్రం కింద కనబడే కాళ్ళలో నావి ఏ రెండో తెలిసేది కాదు. ఎవరో ఎవరినో తొక్కితే ఇంకెవరో 'అబ్బా' అనేవారు. తొంభైల్లో సగం నాకిలాగే గడిచింది. అప్పటికి ముప్పై ఆరేళ్ళవాణ్ణి. మోకాళ్ళు మాత్రం మా తాతగారివి.

ఆ బీరువాలో తలుపు పక్క మూల మా ముగ్గురి సొంతం. మొదటివాడు మాస్టారు. విల్లివాక్కంలో ఒక చిన్న తెలుగు బడిలో తెలుగు చెప్పేవాడు. పుట్టిందీ పెరిగిందీ మద్రాసులోనే అయినా ఇప్పుడే పుస్తకంలోంచి కిందికి దిగినట్టు మాట్లాడేవాడు. రెండోవాడు ఫిట్టరన్న. వ్యాసర్పాడిలో ఎక్కేవాడు. ఆయన చెయ్యి ఎంతుండేదంటే, పట్టుకుంటే రైలు కడ్డీకి ఊపిరాడేది కాదు. మూడోవాణ్ణి నేను.

మమ్మల్ని కలిపింది కులమూ కాదు, వీధీ కాదు. ఒక సినిమా.

అది వచ్చేనాటికి మా ముగ్గురికీ పదిహేను, పదహారేళ్ళు. హాస్టల్లో ఆరుగురు కుర్రాళ్ళు, ఒక ప్రిన్సిపాలు, ఎదురింట్లో ఒక అమ్మాయి, నీళ్ళ సాంబారు. అంతే కథ. కోడంబాక్కం స్టూడియోల్లోనే తీశారు. కానీ మద్రాసులో మాకు తెలుగు సినిమా అంటే ఆదివారం పొద్దుటాటే. వారమంతా థియేటరు తమిళం వాళ్ళది. ఆదివారం పొద్దున తొమ్మిదికి మాత్రం దాన్ని తెలుగువాళ్ళకు వదిలేవారు. తలంటుకుని, తడి జుట్టుతో, ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళమంతా ఒకే హాల్లో కూర్చునేవాళ్ళం. ఆ రెండున్నర గంటలసేపు మద్రాసులో ఎక్కడ ఏ తెలుగింటి తలుపు తట్టినా పిల్లి తప్ప ఇంకెవరూ పలికేవారు కాదు. ఆ సినిమాను నేను పదకొండు సార్లు చూశాను. ఫిట్టరన్న పద్నాలుగు. మాస్టారు పంతొమ్మిది. అందుకే ఆ విషయంలో తీర్పు ఎప్పుడూ ఆయనదే.

ఇరవై ఏళ్ళ తరవాత, షిఫ్టు దిగి ఒళ్ళు పులిసిపోయి, దవడ కదిపే ఓపిక కూడా లేనప్పుడు కూడా ఆ సినిమా మాటలు మాత్రం వాటంతటవే వచ్చేవి. మాలో ఒక పద్ధతి ఉండేది. ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర. ప్రిన్సిపాలు నావాడు. కళ్ళజోడు కుర్రాడు మాస్టారివాడు. బొద్దబ్బాయి ఫిట్టరన్నవాడు. ఒకరి డైలాగు ఇంకొకరు ముట్టుకోకూడదు. ఒకసారి జ్వరమొచ్చి ఫిట్టరన్న మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులూ బొద్దబ్బాయి మాట రావలసినచోట మేమిద్దరం ఊరుకుని, అంతసేపు కిటికీలోంచి చూసి, ఆపైన ముందుకు సాగాం.

నటుల కబుర్లు ఇంకా ఎక్కువ. హీరో హైదరాబాదు వెళ్ళిపోయి తండ్రి వేషాలు వేస్తున్నాడు. మేం చూస్తుండగానే మాకంటే పదేళ్ళు పెద్దవాడైపోయాడని మాకు దిగులు. బొద్దబ్బాయి సన్నబడ్డాడట. ఆ కబురు విన్న రోజు ఫిట్టరన్న డబ్బా తెరిచి కూడా అన్నం ముట్టలేదు.

"హీరోయిన్‌ని చూసినాను సామీ," అన్నాడు ఒక రోజు ఫిట్టరన్న.

"ఎక్కడ?"

"కోడంబాక్కంలో, మార్కెట్లో. బెండకాయలు తుంచి చూస్తా ఉండాది."

"తుంచినప్పుడు చప్పుడు వచ్చినదా?" అన్నాడు మాస్టారు.

"వచ్చింది మాస్టారూ. లేతవే."

"సంతోషం," అన్నాడాయన, సొంత కూతురు చల్లగా ఉందని విన్నట్టు. ఆ బెండకాయల మీద మేం వారం బతికాం.

మా అందరికీ ప్రాణమైన ఘట్టం ఒకటుంది. ప్రిన్సిపాలు క్రాపు నున్నగా దువ్వుకుని, చేతిలో బెత్తంతో, మెస్సు వైపు నడుస్తుంటాడు. మరుక్షణం ఆఫీసు గదిలో, తలకు గుమ్మడికాయంత కట్టుతో కూర్చుని ఉంటాడు. మధ్యలో ఏమైంది? సినిమా చెప్పదు. దాని మీద మాస్టారు పెరంబూరు నుంచి విల్లివాక్కం దాకా ఎన్నిసార్లు ఉపన్యాసమిచ్చాడో! "చూపకపోవడంలోనే ఉన్నది కళ. ప్రేక్షకుని ఊహకు వదలినాడు. ఇంకొకడైతే దెబ్బ కూడా చూపును. ఇతడు కట్టు మాత్రమే చూపినాడు." మేం తలలూపేవాళ్ళం. ఊపడానికి చోటు లేకపోతే కళ్ళతో ఊపేవాళ్ళం.

మా కంపెనీ స్టోర్సులో కొత్తాయన చేరింది ఆ రోజుల్లోనే. నా ఈడువాడే. పొట్ట, బట్టతల, గొంతు మాత్రం బోల్టు అడిగితే బోల్టుకే వినపడనంత మెత్తన. పెరంబూరులో ఎక్కేవాడు. మొదటి రెండు రోజులూ మా మూలకు ఆనుకుని మా డైలాగులు వింటూ నవ్వుకున్నాడు. మూడో రోజు నోరు విప్పాడు.

"అన్నా, ఆ సినిమాలో నేను యాక్ట్ చేసినాను."

రైలు కూత ఆగిపోయినట్టయింది.

"ఏ సీనులో?" అన్నాడు ఫిట్టరన్న.

"మెస్సులో. ప్రిన్సిపాలు మెస్సుకు వస్తాడు గదన్నా, అప్పుడు నేను బెంచీ ఎక్కి సాంబారు గురించి పెద్ద డైలాగు చెప్తాను."

"ప్రిన్సిపాలు మెస్సుకు రాడే," అన్నాను. నా పాత్ర కదా, నాకు తెలియకుండా ఎక్కడికి పోతాడు?

"వస్తాడన్నా."

"బయల్దేరతాడు. రాడు."

ఆయన మాస్టారి వైపు చూశాడు. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "నాయనా, ఆ చిత్రమున కుర్రవాండ్రు ఆరుగురు. పంతొమ్మిది పర్యాయములు లెక్కించినాను. ప్రతి పర్యాయమూ ఆరుగురే వచ్చినారు."

"మా నాయన కోడంబాక్కంలో డ్రస్సులు కుట్టేవాడు మాస్టారూ. వేషం వేయాల్సిన పిల్లోడు రాలేదు. చొక్కా నాకు సరిపోయింది, అందుకని నన్ను నిలబెట్టినారు. సినిమా రిలీజైనప్పుడు నేను నెల్లూరులో మా అమ్మమ్మ ఇంట్లో ఉండాను. ఆడ నాలుగుసార్లు చూసినా. నాలుగుసార్లూ నేనుండాను."

"నెల్లూరులో నువ్వుంటివి," అన్నాను నేను. "కడపలో ఇంకెవరుండారో. ఊరికొక కుర్రాణ్ణి పెట్టి తీసినట్టుంది."

పెట్టె మొత్తం నవ్వింది. తెలుగు రానివాళ్ళు కూడా, ముందు నవ్వేసి తరవాత పక్కవాణ్ణి అడుగుదామని నవ్వారు. ఆయనా నవ్వాడు పాపం. ఆనాటి నుంచి ఆయనకు మేం పెట్టిన పేరు ఏడోవాడు. పెట్టింది నేనే. అప్పట్లో నా నోటికి అడ్డూ ఆపూ లేదు. ఇప్పుడూ లేదు కానీ, ఇప్పుడు ఓపిక లేదు.

మాకు తెలియని సంగతి ఒకటుంది. ఆయనకు ఏడో క్లాసు చదివే కూతురుంది. చదివేది మాస్టారి బళ్ళోనే. ఆ పిల్లకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన చెప్పే కథ ఆ మెస్సు సీనే. స్టోర్సులో బోల్టులు తూకం వేసే మనిషికి, ఇంటికెళ్ళి చెప్పుకోవడానికి ఇంకేముంటుంది? ఆ పిల్ల దాన్ని బళ్ళో చెప్పుకుంది. మా నాన్న సినిమా యాక్టరని.

అప్పుడే కేబుల్ టీవీ వీధివీధికీ పాకుతోంది. ఒక ఆదివారం మధ్యాహ్నం పెరంబూరు కేబుల్‌వాడు ఆ సినిమా వేస్తున్నాడని తెలిసింది. ఏడోవాడు వాళ్ళ మేడ మీది నాలుగు వాటాలవాళ్ళనీ పిలిచాడు. కూతురు తన స్నేహితురాళ్ళను ఏడుగురిని తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. భార్య జంతికలు వండింది. ప్రిన్సిపాలు బెత్తం పట్టుకుని మెస్సు వైపు నడిచాడు. "ఇప్పుడు, ఇప్పుడు," అన్నాడీయన. తలకు కట్టు వచ్చేసింది.

"కట్ చేసినారు పాపా," అన్నాడట.

పిల్ల తెలివైంది. మర్నాడు తిన్నగా మాస్టారి దగ్గరికే వెళ్ళింది. ఆ సినిమా గురించి మాస్టారికి తెలియనిది లేదని బడంతా తెలుసు. క్లాసులో లేచి నిలబడి అడిగింది. "సార్, ఆ సినిమాలో మెస్సు సీను కట్ చేసినారా సార్?"

మాస్టారు ఆ మాట మాకు మర్నాడు రైల్లో తనే చెప్పాడు, గర్వంగా. "ఒక్క అడుగు కూడా కోయలేదమ్మా, పంతొమ్మిది పర్యాయములు చూచినాను, మీ నాన్నగారు అందులో ఉన్నచో ఎదురింటి అమ్మాయి వేషము నాదే, అన్నాను. క్లాసంతా ఒకటే నవ్వు."

ఫిట్టరన్న నవ్వలేదు. నేను నవ్వాను. నాకు పిల్ల ముఖం తెలియదు కదా.

ఆ రోజునుంచి ఏడోవాడు మా పెట్టె ఎక్కడం మానేశాడు. ముందు పెట్టెలో ఎవరి చంకలోనో తల పెట్టుకుని వచ్చేవాడు. పది రోజులు చూసి, ఏదో వంకన స్టోర్సుకు వెళ్ళాను. అరడజను వాషర్లు అడిగాను. లెక్కపెట్టి ఇచ్చాడు.

"కోపమా?" అన్నాను.

"కోపమేముందన్నా." రిజిస్టరు తిప్పి సంతకం చూపించాడు. "పాప మాట్లాడ్డం లేదు. పది రోజులాయె. అన్నం పెడితే తింటాది, ఫీజు ఇస్తే తీసుకుంటాది. నాన్నా అని మాత్రం పిలవదు. వాళ్ళమ్మతో, 'ఆయన చెప్పేది ఏదీ నమ్మొద్దు' అనింది. నేను గడప కాడనే ఉండా, నాకు వినపడాలనే అనింది." ఇంకో రెండు వాషర్లు నేను అడక్కుండానే పెట్టాడు. "నేను ఉండాను అన్నా ఆ సినిమాలో."

ఎనిమిది వాషర్లు జేబులో వేసుకుని వచ్చాను. వాషరు ఇంత బరువుంటుందని ఆ రోజే తెలిసింది. జేబు చిరుగుతుందేమో అనిపించింది.

సాయంత్రం రైల్లో చెప్పాను. మాస్టారు మొహం పాలిపోయింది కానీ మాట దిగలేదు. "కన్నబిడ్డ కోసమైనా లేని సీనును ఉన్నదని ఎట్లనగలను? నేను ఉపాధ్యాయుడను."

"ఉన్నిందో లేదో ముందు కనుక్కుందాం పా," అన్నాడు ఫిట్టరన్న. "మనం ముగ్గురమూ చూసింది ఒకే థియేటరే గదా. ఆ ఆపరేటరు ఏమైనాడు? ఉండాడా, పోయినాడా?"

నేను నాలుక కరుచుకున్నాను. ఆ ఆపరేటరు ఉండేది మా చింతాద్రిపేటలోనే, మా ఇంటికి రెండు వీధుల వెనక, ఏటి పక్క. రోజూ ఆయన వాకిట్లోంచే పాలకు వెళ్తాను. ఇరవై ఏళ్ళ కిందట మా దేవుణ్ణి మాకు చూపించిన పూజారి ఆయన. ఏనాడూ దణ్ణం పెట్టిన పాపాన పోలేదు.

ఆదివారం పొద్దున మాస్టారూ నేనూ వెళ్ళాం. ఆపరేటరు డెబ్భై దాటిన మనిషి. చీకటి గదిలో నలభై ఏళ్ళుండి వచ్చాడేమో, పగటి వెలుతురును ఇంకా నమ్మనట్టు కళ్ళు చికిలించి చూసేవాడు. వయసులో ఉన్నప్పటినుంచీ మిషన్ల పక్కన నిలబడి నిలబడి, ఇప్పుడు కూర్చున్నా నిలబడ్డట్టే కూర్చునేవాడు. సినిమా పేరు చెప్పగానే ఆయన ముఖం వెలిగింది.

"దాన్నా? బలే ఆడింది సామీ. ఆదివారం ఆదివారం, దుమ్ము లేచిపోయింది. రోజూ మూడాటలూ వేసే తమిళ పడానికి గూడా అంత కూటం రాలేదు."

"అయ్యా, అందులో మెస్సులో జరుగు సన్నివేశమేదైనా ఉన్నదా?" అన్నాడు మాస్టారు, గొంతులో ప్రాణం పెట్టుకుని.

"ఉండింది. ఐదో రీలు."

"మేము చూడలేదే?"

"ఎట్ల చూస్తారు? మేము వేస్తే గదా," అన్నాడాయన, అన్నం వండకపోతే ఎట్లా తింటారు అన్నంత తేలిగ్గా. "పన్నెండుకు తమిళ ఆట. మీ పడం పెద్దది. మిమ్మల్నంతా బయటికి పంపాల, ఊడ్వాల, ఆడవాళ్ళు చెప్పులు ఎతుక్కోవాల. టయం చాలదు. అందుకని శనివారం రీళ్ళ పెట్టె వస్తానే నేనూ మేనేజరూ కూర్చోని మొత్తం వేసుకోని చూసినాము, ఏది తీసేదా అని. పాట ఉండే రీలు తీస్తే కుర్చీలు ఇరగ్గొడతారు. ఫైటు ఉండే రీలు తీస్తే మమ్మల్నే ఇరగ్గొడతారు. ఐదోదాంట్లో పాట లేదు, ఫైటు లేదు, ఉత్త నవ్వేది. సరే, పక్కన పెట్టినాము."

"మొదటి ఆదివారము నుంచీనా?"

"మొదటి ఆదివారం నుంచి కడ వరకు. పెట్టి పెట్టి ఆ రీలు ఏడ పెట్టినామో మాకే తెలీకుండా పోయింది. తరవాత క్యాసెట్టు వాళ్ళు గూడా మా ప్రింటే ఎత్తుకోని పోయినారు."

కేబుల్లో ఎందుకు రాలేదో అర్థమైంది. మాస్టారు మాత్రం ఇంకా నీళ్ళలో మునిగేవాడు గడ్డి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "అయితే ఆ తలకట్టు... దర్శకుడు కావాలని చూపకపోవడం కాదా? కళ..."

"కళా లేదు ఏమీ లేదు సామీ. పన్నెండు కొట్టేస్తా ఉంది."

పంతొమ్మిది సార్లు చూసిన సినిమాను ఒక్కసారి కూడా చూడలేదని ఒక మనిషికి తెలిస్తే ఎలా ఉంటుందో ఆ రోజు కళ్ళారా చూశాను. మనిషి రెండంగుళాలు పొట్టివాడైపోయాడు. నేనూ అయ్యాననుకోండి, నేను పదకొండు సార్లే కాబట్టి అంగుళమే.

"ఆ రీల్లో బెంచీ మీద కుర్రాడొకడు ఉంటాడా?" అన్నాను.

"ఉంటాడు, ఉంటాడు!" ఆయన చేతులెత్తాడు చెప్పడానికి. నేను ఆ చేతులు పట్టుకున్నాను.

"ఇక్కడ వద్దు. ఇంకో చోట చెప్పాలి. అంత దూరమేం కాదు, పెరంబూరే."

సాయంత్రం నాలుగింటికి వెళ్ళాం. ఆపరేటరును నడిపించుకుంటూ సెంట్రల్ దాకా, అక్కణ్ణుంచి రైల్లో. ఆదివారం కాబట్టి కూర్చోవడానికి చోటుంది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆ రైల్లో కూర్చున్నాను. సుఖంగా లేదు. ఏదో తప్పు చేస్తున్నట్టుంది. ఫిట్టరన్న వ్యాసర్పాడిలో ఎక్కాడు, సున్నుండల పొట్లంతో.

రెండో అంతస్తు వాటా. ఏడోవాడు తలుపు తీసి మమ్మల్ని చూసి భయపడ్డాడు, ఇంకా మిగిలిన పరువేదైనా ఉంటే పట్టుకుపోవడానికి వచ్చామేమో అని. లోపల ఆ పిల్ల కిటికీ పక్క లెక్కల పుస్తకం పెట్టుకుని కూర్చుంది. రెండు జడలు. మాస్టారిని చూసి లేచి నిలబడింది, మమ్మల్ని చూసి మళ్ళీ కూర్చుంది. మమ్మల్ని మరీ అంతగా లెక్కపెట్టక్కర్లేదని వెంటనే పసిగట్టింది.

మాస్టారు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఈయన ఆ థియేటరు ఆపరేటరనీ, తాము చూసిన సినిమాలో ఐదో రీలు లేదనీ, అందువల్ల క్లాసులో తాను అన్నమాట తప్పనీ. ఆ 'తప్పు' అన్న చిన్న మాట నోట్లోంచి బయటికి రావడానికి పెరంబూరు నుంచి అంబత్తూరు వెళ్ళేంత సేపు పట్టింది. పిల్ల కళ్ళార్పకుండా విన్నది.

"నాన్న మీకు ముందే చెప్పిపెట్టినాడా, ఏం చెప్పాలో?" అని ఆపరేటరునే అడిగింది.

"మీ నాయన ఎవరమ్మా? ఇట్టున్నాయనా, అట్టున్నాయనా?" అన్నాడాయన చికిలించి, నన్నూ ఏడోవాణ్ణీ మార్చి మార్చి చూస్తూ.

"సరే, చెప్పండి తాతా."

ఆపరేటరు లేచాడు. ఆయన చెప్పలేదు, వేసి చూపించాడు. అదే ప్రిన్సిపాలు నడక, అదే బెత్తం. నా ప్రిన్సిపాలు ఆయన ముందు దిగదుడుపే.

"మెస్సు. పొడుగాటి బెంచీ. పిల్లోళ్ళు వరసగా కూర్చోని ఉంటారు. ఈ కొసన ఒక బక్క పిల్లోడు. వానికి ఎక్కిళ్ళు. ప్రిన్సిపాలు లోపలికి వచ్చి, సాంబారు గురించి ఎవడురా కంప్లయింటు రాసింది అంటాడు. ఈడు, ఇక్! ఏందిరా అంటాడు. ఇక్! నన్ను ఎక్కిరిస్తావా అని బెంచీ ఆ కొస కాడికి పోయి, కింద ఎవడో దాక్కోని ఉండాడని ఒంగి చూస్తాడు. అప్పుడు పిల్లోళ్ళంతా మర్యాదకి ఒకేసారి లేస్తారు, ఈ బక్కోడు తప్ప. బెంచీ ఈ పక్కన డబక్కని కిందికి, ఆ కొస పైకి. ప్రిన్సిపాలు తలకాయి టంగుమనింది!" తన తల తనే పట్టుకున్నాడు. "బక్కోడు కింద పడి గూడా, ఇక్! అంతే. రీలు అయిపోయింది. నేనూ మేనేజరూ కడుపు పట్టుకోని నవ్వినాము. మద్రాసులో ఆ రీలు చూసింది మేమిద్దరమే. మేనేజరు పోయినాడు."

మేం ముగ్గురం నవ్వలేకపోయాం. ఇరవై ఏళ్ళుగా రావలసిన నవ్వు అంతా ఒక్కసారి వచ్చి, సాయంత్రం లోకల్ తలుపులో జనంలా ఇరుక్కుంది.

పిల్ల వాళ్ళ నాన్న వైపు చూడలేదు. "డైలాగు?" అంది.

"డైలాగా? వానికి డైలాగేముంది? ఉత్త ఎక్కిళ్ళే."

"బెంచీ ఎక్కలేదా?"

"ఎక్కలేదు. పడినాడు."

ఏడోవాడు గోడకు చేరగిలబడి తలొంచుకున్నాడు. మేం కాపాడదామని వచ్చాం, ఉన్నదీ ఊడగొట్టాం. నేను గబగబా అందుకున్నాను. "చూడు పాపా, చెప్పిపెట్టి తెచ్చుకున్న మనిషైతే డైలాగు ఉందనే చెప్పేవాడు కదా." ఆ పిల్ల నన్ను పట్టించుకోలేదు.

"ఆ బక్కబ్బాయి ఎట్ల కూర్చున్నాడు తాతా?"

ఆపరేటరు ఆలోచించాడు. "నేరుగా కూర్చోలా. సీనంతా మెడ ఇట్ల ఒక పక్కకి వంచుకోనే ఉండాడు. యాక్టింగేమో అనుకున్నా."

"యాక్టింగ్ కాదు," అంది పిల్ల మెల్లగా. "మా తాత కుట్టిన చొక్కా అది. కాలర్లో గుండుసూది మరిచిపోయినాడు. గుచ్చుకుంటా ఉన్నింది."

వంటింట్లోంచి వాళ్ళమ్మ కాఫీ పళ్ళెం పట్టుకుని వచ్చి గడపలోనే ఆగిపోయింది. ఏడోవాడు మెడ వెనక్కి చెయ్యి పెట్టుకున్నాడు, సూది ఇంకా అక్కడే ఉన్నట్టు.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అమ్మా, రేపు సోమవారము. క్లాసులో నేనే లేచి చెప్పెదను, మీ నాన్నగారు ఆ చిత్రమున ఉన్నారని."

"వద్దు సార్," అంది పిల్ల.

"ఏమమ్మా?"

"డైలాగు లేదని గూడా చెప్తారు మీరు. మీకు అబద్ధం రాదు గదా."

ఫిట్టరన్న సున్నుండ పొరబోయి దగ్గాడు. అప్పుడు ఆ పిల్ల తిరిగి, రెండు వారాల తరవాత మొదటిసారి వాళ్ళ నాన్న మొహంలోకి చూసింది.

"ఏం నాన్నా? బెంచీ ఎక్కినా, ప్రిన్సిపాలుని నిలదీసినా, అందరూ చప్పట్లు కొట్టినారని అంటివే?"

"కొట్టినారు పాపా. షూటింగులో. పడినాక."

"సాంబారు గురించి అంత పెద్ద డైలాగు చెప్తివే రోజూ? అది ఎవరిది?"

"అది... నేనే తరవాత రాసుకున్నా."

"ఎప్పుడు?"

"నువ్వు పుట్టినాక."

ఇంకా అడుగుతూనే ఉంది. అమ్మమ్మ ఊళ్ళో నాలుగుసార్లు చూసిందైనా నిజమేనా, చొక్కా పసుప్పచ్చదని చెప్పావే, అదైనా నిజమేనా, గుండుసూది సంగతి తాత ఎప్పుడు ఒప్పుకున్నాడు. ఒక్కొక్క ప్రశ్నకూ ఆయన ముద్దాయిలా, మెత్తటి గొంతుతో జవాబిస్తున్నాడు. కాఫీ చల్లారిపోయింది. వచ్చిన పనైందని ఆపరేటరును లేవదీశాం. ఆయనకు మోకాళ్ళు, నాకూ మోకాళ్ళు, మాస్టారికి పంతొమ్మిది ఆదివారాల అలసట. ఒకరినొకరు పట్టుకుని మెట్లు దిగుతున్నాం. పైనుంచి ఆ పిల్ల గొంతు వినబడుతూనే ఉంది. మమ్మల్ని సాగనంపడానికి ఏడోవాడు వాకిలి దాకా అయినా రాలేదు. లేచి వస్తే ఎక్కడ అడగడం ఆపేస్తుందోనని భయం కాబోలు.